ఉలిగమ్మ ఉతికిన అంగి

మద్దయ్యసామిని ఎవురేమడిగినా ఎంటనే బదులు చెప్పడు. తత్వాలు పాడే మనిషి గానీ, మాటలు తక్కువ. లేసి, చెప్పులేసుకోని, "పా" అంటాడు. ఆ పొద్దు శిష్యుడు సుంకన్న అడిగినప్పుడు గూడా అంతే.

సుంకన్న నాలుగచ్చరాలు తెలిసినోడు, ఊర్లో అందరికీ అర్జీలు రాసిచ్చేటోడు. వాడడిగిందేమంటే, "సామీ, అన్యాయమైపోయినోళ్లకు సర్కారు ఇన్ని సాయాలు పెట్టింది. ఫీజు లేని వకీలుండాడు, నష్టపరిహారముండాది, ధైర్యం చెప్పేకి ఒకాయమ్మ ఉండాది, ఫోను చేస్తే పలికే నెంబరుండాది. అన్నీ నేనే రాసి ఉలిగమ్మ చేతిలో పెట్టినా. మరి ఆయమ్మకు ఏదీ ఎందుకు అందల్యా?"

ఉలిగమ్మ ఊరి గుడ్డలు ఉతికే మనిషి. ఒక్కడే కొడుకు, బజారి. చేను గట్టు కాడ తగువులో ఒకడు బజారిని కొడవలితో నరికె. పెనుగులాటలో ఆ నరికినోని చెయ్యి గూడా తెగి, వాని రక్తం బజారి అంగికి అంటె. చూసినోళ్లు ఎవురూ లేరు. ఆ అంగి ఒక్కటే సాక్ష్యం. ఆస్పత్రిలో పానం పోయినాక ఎవురో దాన్ని సంచిలో చుట్టి తల్లి చేతికిచ్చిరి. పోలీసుల కాన్నుంచి కబురొచ్చె. ఆ కబురు మోసింది సుంకన్ననే. "అత్తా, రేపు నీ కొడుకు అంగి తీసుకోని రమ్మన్నారు సార్లు" అని చెప్పి, ఎనిక్కి తిరిగె.

ఆయమ్మ తెచ్చె. చౌడు పెట్టి, ఉడకబెట్టి, బండకేసి ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలేసి, పేపర్లో చుట్టి తెచ్చి సారు బల్ల మింద పెట్టె. నలభై ఏండ్లలో ఒకరి చేతికి మురికి గుడ్డ ఇచ్చిన మనిషి కాదు. సారు ఇప్పి చూసి, తల పట్టుకోని అరిసె. పరీక్షకు పంపితే ఏమీ తేలల్యా. నరికినోడు బయటికొచ్చె. ఇప్పుడు బస్టాండు కాడ కాలు మింద కాలేసుకోని టీ తాగుతాడు. కొడుకు కేసును తల్లే కడిగేసుకుందని ఊరంతా అనె. సుంకన్న పైకి అనల్యా గానీ, వాని మనసులోనూ అదే ఉండె.

సామి అంతా ఇని, "పా" అన్నాడు.

ఇద్దరూ ఉలిగమ్మ గుడిసెకు పోయిరి. ఆయమ్మ రమ్మనల్యా, కూచ్చోమనల్యా. సామి భుజం మిందుండే తువ్వాలు చూసె ఆయమ్మ. దుమ్ము కొట్టుకోని ఉండె. మెల్లగా దాన్ని తీసుకోని, తొట్టి కాడికి పోయి, ఉతికి, దండెం మింద ఆరేసె. ఎండ మండుతాండె. ఆరినాక మడత పెట్టి సామి చేతికిచ్చి, సుంకన్న తట్టు తిరిగి అడిగె.

"నాయనా, ఆ అంగికి కాలరు కాడ కొంచెం మరక ఉండిపాయ. ఎంత రుద్దినా పోల్యా. అందుకేనా సారు నా మింద అంత కోపం చేసింది?"

ఇన్నేండ్లలో ఆయమ్మ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, ఏలిముద్ర ఎయ్యని కాయితం లేదు. ఆ అంగి ఎందుకు కావల్సి వచ్చెనో ఆయమ్మకు ఇంకా తెలీదు; కబురు మోసిన సుంకన్న గూడా చెప్పల్యా.

వాడు సామి మొగం చూసె. సామి తువ్వాలు భుజాన ఏసుకోల్యా. రెండు చేతుల్లో అట్లే పట్టుకోని నిలబడె.

"నువ్వు చెప్తావా సుంకన్నా," అన్నాడు, "నన్ను చెప్పమంటావా?"