కనెక్షనూ, కాకరకాయ వేపుడూ

మణిధర్ ముఖం వేలాడేసుకుని గురువుగారింటికి వచ్చాడు. ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి ఏడాదంతా కూర్చుని, ఎవరైనా తెచ్చి వాడుకోగల కోడ్ లైబ్రరీ ఒకటి రాశాడు. దాన్ని వాడి చూద్దామన్న ఒకే ఒక్క టీము కనెక్షన్ తెరిచే దగ్గరే విసిగిపోయింది. సాయంత్రంలోగా సులువు చెయ్యకపోతే వేరేది చూసుకుంటామంది.

కాకినాడలో అతనికి ప్రోగ్రామింగ్ నేర్పిన సోమిదేవమ్మగారు కోడ్ చూశారు. కనెక్షన్ కట్టే కోడ్ ముక్కకి, అంటే కన్‌స్ట్రక్టర్‌కి, చిరునామా చెప్పాలి, పోర్టు నంబరు చెప్పాలి, జవాబు కోసం ఎంతసేపు ఆగాలో, లైను తెగితే ఎన్నిసార్లు ప్రయత్నించాలో, ఇంకా బోలెడు చెప్పాలి. ఒక్కటి మానేసినా ఒప్పుకోదు. పెళ్ళిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు.

"ఏవిటయ్యా ఇది?"

"మర్యాదమ్మా," అన్నాడు కాస్త గర్వంగానే. "వాళ్ళకేం కావాలో తేల్చడానికి నేనెవర్ని? అన్నీ వాళ్ళకే వదిలేశాను."

"మంచి పని చేశావు. లే, భోంచేద్దువుగాని."

ఆకు వేసి, ఆవిడ గరిటె పట్టుకుని నిలబడ్డారు.

"అన్నం ఏ పక్కన వెయ్యను?"

"ఎక్కడైనా ఫర్లేదమ్మా."

"అలా కుదరదు, చెప్పాలి. ఎన్ని గరిటెలు? పప్పు అన్నం మీదా, పక్కనా? నెయ్యి ముందా, తర్వాతా? ఆవకాయలో టెంకున్న ముక్కా, లేనిదా?"

మణిధర్ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. పప్పు వాసన చంపేస్తోంది.

"అమ్మా, అందరికీ ఎలా వడ్డిస్తారో అలాగే వడ్డించండి. మీకు పుణ్యముంటుంది!"

ఆవిడ చకచకా వడ్డించుకుపోయారు. అతను తలెత్తకుండా తిన్నాడు. కాకరకాయ వేపుడు గిన్నెతో ఆవిడ వంగేసరికి మాత్రం చటుక్కున ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కాకరకాయంటే అతనికి చిన్నప్పట్నుంచీ పడదు.

ఆవిడ గరిటె వెనక్కి తీసుకున్నారు. "ఇందాకట్నుంచీ నిన్నడక్కుండానే వేస్తున్నానే. అమర్యాద చేశానా?"

మణిధర్ అడ్డం పెట్టిన తన చేతి వంక చూసుకున్నాడు. తర్వాత మజ్జిగ కూడా పోయించుకోకుండా లేచి, చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

పొద్దు వాలక ముందే కొత్త కన్‌స్ట్రక్టర్ పంపాడు. చిరునామా ఒక్కటిస్తే చాలు, మిగతావన్నీ అదే చూసుకుంటుంది. వద్దనుకున్నది మాత్రం మార్చుకోవచ్చు.

కాసేపటికి జవాబొచ్చింది. మణిధర్ సంతోషం పట్టలేక పైకే చదివాడు. "కనెక్టయింది. ఇదే వాడతాం. ఆగే సమయం ఎలా పెంచుకోవాలో చెప్పండి." చదివి పకపకా నవ్వాడు. "చూశారామ్మా! పొద్దున ఆ సంగతి అడిగినందుకే పారిపోయారు. ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు!"

సోమిదేవమ్మగారు మజ్జిగ గ్లాసు అతని చేతికిచ్చారు.

"ఆకలి రుచెరగదు నాయనా. ఇప్పుడు వాళ్ళకి కాస్త కడుపులో పడింది."