వరసలో చోటు

గుట్టకిందపల్లె మసీదులో యాకూబ్ మౌల్వీ అని ఒక ఇమాం ఉండేవాడు. చదువులో ఎంత గట్టివాడో, ఎదుటివాళ్ల భక్తిని తూకం వెయ్యడంలో అంత తొందరపాటు మనిషి.

"అడిగేది అల్లాను అడగాలి, సమాధిని కాదు" అని ఆయన బోధించేవాడు. మాట సబబైనదే. కానీ గుట్టమీద పీరు సమాధి ఉన్న దర్గాను ఊడ్చే చాంద్‌బీ అవ్వ కనబడితే చాలు, ముఖం తిప్పుకునేవాడు.

ఆ ఏడు చుక్క వాన లేదు. చెనిక్కాయ చేలు నిలువునా ఎండిపోతున్నాయి. ఇంకో వారం ఇలాగే ఉంటే ఊరికి గింజ దక్కదు. మౌల్వీ అందరినీ వాన నమాజుకు ఈద్గా మైదానానికి పిలిచాడు. చాంద్‌బీ కూడా వచ్చి ఆడవాళ్ల వరసలో నిలబడింది.

"నువ్వు పక్కకు జరుగవ్వా. సమాధుల్ని మొక్కేవాళ్లు వరసలో ఉంటే మా దువా పైకి పోదు" అన్నాడు మౌల్వీ.

"అట్నే కానీలే నాయనా" అంటూ ఆమె దూరంగా పోయి కాలే నేలమీద కూర్చుంది.

వాన నమాజుకు ముందు ఒకరినొకరు క్షమాపణ అడగడం ఆ ఊరి ఆచారం. మౌల్వీ ఆ మాట చెప్పగానే, ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కావలించుకుని ఏడ్చారు. మౌల్వీకి మాత్రం తాను అడగవలసినవాళ్లెవరూ తోచలేదు. పైగా, ఆ ముసలమ్మ చేతే తప్పయిందని చెప్పిద్దామని బయల్దేరాడు.

చాంద్‌బీ నుదురు మట్టికి ఆనించి సజ్దాలో ఉంది. మెల్లగా గొణుగుతోంది.

"యా అల్లా! అడిగేదానికి నువ్వు తప్ప మాకెవరుండారు? ఆ బిడ్డ మాట పెళుసేగానీ, నీమీద ప్రేమతోనే అంటాడు. ఆయప్ప చేతులు ఖాళీగా దించొద్దు సామీ. ఊరి ముందర చిన్నబోనీయొద్దు."

మౌల్వీ ఉన్నచోటే ఆగిపోయాడు. ఇన్నేళ్లూ తాను బోధించిన మాటే, తాను దూరంగా నెట్టిన మనిషి నోట వింటున్నాడు!

ఆమె తలెత్తాక, "అవ్వా, మరి దర్గాకెందుకు పోతావు?" అన్నాడు.

"ఆ పీరు దేవుణ్ణి తలుచుకుంటానే బతికినాడు నాయనా. ఆడ కూచుంటే నాకూ అల్లానే గుర్తొస్తాడు. అడిగేది మాత్రం పైవాణ్ణే."

మౌల్వీ అందరూ చూస్తుండగా ఆమె పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. "నన్ను మాఫ్ చెయ్యవ్వా" అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆమెను వరసలోకి తీసుకొచ్చాడు. తర్వాత ఆయన చేతులెత్తితే నాలుగు వందల మంది చేతులెత్తారు.

వాన అప్పటికప్పుడే కురిసిందంటే కథ బాగుంటుంది గానీ, కురవలేదు, మూడోనాడు కురిసింది. ఆ తర్వాత కూడా మౌల్వీ సమాధుల్ని అడగొద్దనే చెప్పాడు, చాంద్‌బీ దర్గా ఊడుస్తూనే ఉంది. వరసలోంచి మాత్రం ఆయన మళ్లీ ఎవరినీ జరగమనలేదు.

దేవుడొక్కడేనని నమ్మినవాడు, ఎవరి మొర ఆయనకు చేరుతుందో తేల్చే పనిని కూడా ఆ దేవుడికే వదిలెయ్యాలి.