మూగబోయిన గుంత

గిడ్డయ్యకు కోపం వస్తే కాళ్లు ముందు నడుస్తాయి, బుర్ర ఎప్పుడో తీరిగ్గా వెనకాల వస్తుంది. ఆ మధ్యాహ్నం కూడా అంతే. భుజాన బంగారం వెతికే మిషను, పిడికిట్లో తెగిన వెండి మొలతాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో రెండు మైళ్లు నడిచి గుట్ట కింది దర్గాకు వచ్చిపడ్డాడు.

దర్గా అరుగు మీద ఉసేన్ తాత జొన్నలు చెరుగుతున్నాడు. ఒకప్పుడు బంగారు గనిలో రాళ్లు మోసిన మనిషి. గని మూతపడ్డాక ఈ పీరు సమాధి ఊడ్చుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. వానలు పడ్డాక ఎర్రనేలలో బంగారు పలుకుల్ని ఎలా వెతకాలో గిడ్డయ్యకూ, వాడి జోడీ ఫక్కీరప్పకూ నేర్పింది ఆయనే. దేవుడి మాటైనా, మిషను మాటైనా ఆయన ఒక్కసారే చెప్తాడు.

"తాతా, ఫక్కీరప్ప దొంగ," అన్నాడు గిడ్డయ్య. "వాణ్ని పిలిపించు. పీరు మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించు."

తాత చేట దించాడు. "ఏం జరిగిందో చెప్పు."

"పొద్దున ఆముదం చేన్లో మిషను మోగింది. మేకు మోత గాదు, రేకు మోత గాదు. సన్నగా, తియ్యగా, బంగారం మోతే. పన్నెండేండ్లుగా వింటున్న చెవి నాది. వాడు తవ్వినాడు. మళ్లీ మిషను పెడితే గుంత మూగబోయింది. మోగిన బంగారం యాడికి పోతాది తాతా, రెక్కలొచ్చి ఎగిరిపోతాదా?"

వాళ్ల పద్ధతి అది. గిడ్డయ్య వింటాడు, ఫక్కీరప్ప తవ్వుతాడు, దొరికింది చెరిసగం. పన్నెండేళ్లలో ఒకరి జేబు ఒకరు తడిమి ఎరగరు.

"వాడి ఒంటి మీద మిషను పెట్టినా," అన్నాడు గిడ్డయ్య. "చుట్టుపక్కల చేన్లలో వెతుక్కుంటున్నోళ్లు ఎనిమిది మంది వచ్చి నిలబడినారు. వాడు నవ్వుతా చేతులు పైకెత్తినాడు, చూసుకో అన్నా అని. నడుం కాడ కుయ్యిమని మోగింది. ఊరంతా విన్నట్టే. పట్టి లాగితే ఇది వచ్చింది."

పిడికిలి తెరిచి చూపించాడు.

"దీనికి బంగారం కట్టుకున్నాడా?"

"లేదు. వట్టి వెండే. అయినా నేను నమ్మలే. గబుక్కున మింగేసుంటాడు."

"మొలతాడు తెంపినావా?" అని అడిగాడు తాత, చాలా నెమ్మదిగా.

పోయేటప్పుడు మొలతాడైనా వెంట రాదంటారు. అంటే ఇంకొకడి చెయ్యి దాని మీద పడేది మనిషి పోయాకే. బతికున్న మగాడి నడుం నుంచి, అదీ పదిమందిలో, దాన్ని పుటుక్కున తెంపేయడమంటే వాణ్ని పాడె మీద పడుకోబెట్టినంత పని. ఇంత చేసొచ్చి మళ్లీ ప్రమాణాలు అడుగుతున్నాడు మహానుభావుడు.

పొద్దున చేన్లో ఫక్కీరప్ప మాత్రం పంచె సర్దుకుని, పార అక్కడే వదిలేసి, ఒక్క మాట అనకుండా ఊరిదారి పట్టాడు. గిడ్డయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది అప్పుడే. తప్పు చెయ్యనోడైతే తిట్టడా? కనీసం ఒకటి పీకడా?

తాత లేచి తువ్వాలు దులిపాడు. "పద చేనికి."

"వాణ్ని పిలిపించాల గదా..."

"పదరా అంటే."

ఎండకు జనం ఊళ్లోకి పోయారు. చేన్లో నరపురుగు లేదు. తాత గుంత వైపు చూడనైనా చూడలేదు. పక్కన తవ్విపోసిన మన్ను కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. మిషను కొసనున్న గుండ్రటి పళ్లెం వెల్లకిలా పెట్టించి, పిడికెడు మన్ను తీసి దాని మీదుగా పోనిచ్చాడు. చప్పుడు లేదు. ఆ మన్ను పక్కన పోసి ఇంకో పిడికెడు తీశాడు.

గుంత మూగబోతే మన్నును అడుగు. పారతో పాటు పలుకు పైకొచ్చి కుప్పలో పడుతుంది, అంతే. గిడ్డయ్యకు తాత చెప్పిన మొదటి రోజు పాఠం అది. వెయ్యి కుప్పలు అలాగే వెతికాడు. ఈ పొద్దు మాత్రం అదే కుప్ప మీద నిలబడి దొంగా దొంగా అని అరిచాడు. పన్నెండేళ్ల చెవి, ఒక్క పూట కోపానికి చెవుడైపోయింది.

తొమ్మిదో పిడికిలికి మోగింది, సన్నగా, తియ్యగా. తాత మన్ను ఊదాడు. అరచేతిలో కందిబేడంత బంగారం మిగిలింది.

గిడ్డయ్య కూలబడ్డాడు. "నా నోరు పడిపోను," అని నెత్తి కొట్టుకున్నాడు. చెయ్యి చాపాడు. "ఇట్లా ఇయ్యి తాతా. సగం గాదు, అంతా వానికే ఇచ్చేస్తా. జనం సద్దుమణగనీ. మాపటికి మెల్లగా పెరటిదారిన పోయి వాని కాళ్లు పట్టుకుంటా. వాడు మంచోడు, కాదనడు."

తాతకు కోపం రావడం గిడ్డయ్య అంతవరకూ చూడలేదు. ముసలాయన అరచెయ్యి తిరగేశాడు. పలుకు కుప్పలో పడింది. దాని మీద ఇంత మన్ను లాగి, పారతో అటూ ఇటూ కలిపేశాడు.

"తాతా, ఏం జేస్తాండావు? మళ్లీ దొరకకపోతే?"

"వాని నడుం కాడ మోగినప్పుడు ఎనిమిది మంది విన్నారు," అన్నాడు తాత. "ఇప్పుడు మోగింది ఎవరు విన్నారురా?"

గిడ్డయ్య కుప్ప వైపు చూశాడు. ఊరి వైపు చూశాడు. మిషను తాత దగ్గరే పెట్టి, ఆ ఎనిమిది మందినీ పిలుచుకురావడానికి నడివీధి దారినే బయల్దేరాడు.