పైడమ్మ గోడ మీద చుక్క

మన తాతల తాతలకు పాలపళ్ళు కూడా ఊడని రోజుల్లో, ఒక ఊళ్ళో వరహాలమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె ముగ్గు వేసిందంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూడాల్సిందే. మనవరాలు నర్సితో సహా ఊరి పిల్లలంతా ఆమె దగ్గరే ముగ్గులు నేర్చుకునేవాళ్ళు.

ఆ వీధిలోనే పైడమ్మ ఉండేది. ఊళ్ళో గోడలకు సున్నం కొట్టుకుని బతికే మనిషి. ముగ్గు వేయడం చేతకాదు. ఒకనాడు తన తెల్లగోడ మీద బొగ్గుతో రోజుకో చుక్క, పక్కపక్కనే పెట్టి, వాటిని గీతతో కలపడం మొదలుపెట్టింది. పిల్లలు మూగారు.

"మీకు నచ్చినదాన్ని రోజూ కొలవండి," అంది పైడమ్మ. "పెరిగితే పైకి, తగ్గితే కిందికి, ఆగితే అడ్డంగా."

అంతే, ముగ్గుపిండి పట్టిన చేతులన్నీ బొగ్గు పట్టాయి. నర్సి కూడా పోయింది. వరహాలమ్మకు కడుపు రగిలిపోయింది. తెల్లారగానే వాకిట్లో నాలుగు గీతలు గీకేసి, వంకలు వెతకడానికి ఆ గోడ దగ్గరికి పరుగెత్తేది.

మొదటి వారం ఒక గీత పైకి పోతోంది. అది ఆనపపాదుది. "పాదు పాకితే కళ్ళకు కనపడదా?" అని మూతి తిప్పింది.

రెండో వారం ఇంకో గీత కిందికి పోతోంది. అది నూతి నీళ్ళది. "తోడేవాళ్ళకి తెలీదా?" అని మళ్ళీ తిప్పింది.

మూడో వారం మరో గీత కనపడింది. దిగి దిగి నేలకు వచ్చేస్తోంది. వరహాలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఈ చచ్చు గీత ఎవరిదే పైడీ?"

"నీ మనవరాలిది వదినా. రోజూ నీ ముగ్గుని జానలతో కొలిచి చుక్క పెడతంది. ముగ్గు చిన్నదైపోతంది, మామ్మకి ఏటైపోతందోనని ఒకటే బెంగ దానికి."

వరహాలమ్మ తన చేతులు చూసుకుంది. చేతులకేమీ కాలేదు. ఇక్కడికి పరుగెత్తే తొందరలోనే ముగ్గు చిక్కిపోయింది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? మర్నాడు వాకిలి నిండా ముగ్గేసింది. నర్సి కొలిచి, ఎగురుకుంటూ గోడ దగ్గరికి పోయింది. పెరిగితే పైకి! తన ముగ్గుతో కూడా ఆ గోడకే అందం వచ్చిందని వరహాలమ్మ ఆ పూటంతా కుళ్ళుకుంది.

కొన్నేళ్ళకు పైడమ్మ పోయింది. ఊరు ఊరంతా ఏడ్చింది. తన కోసం ఇంతమంది ఏడుస్తారా అని వరహాలమ్మకు అప్పుడూ కుళ్ళే. బొగ్గు తీసుకుని, చెయ్యి అందినంత ఎత్తున ఆ గోడ మీద చుక్క పెట్టింది.

"ఇదేం చుక్క మామ్మా?" అంది నర్సి.

"నా కుళ్ళు."

రోజూ పెట్టింది, అందకపోతే పీటెక్కి. గీత పైకెక్కింది, అడ్డంగా నడిచింది, మెల్లగా దిగింది. ఆమె పోయేనాటికీ నేలను మాత్రం తాకలేదు.

ఇప్పటికీ ఆ ఊరివాళ్ళు ఏటా ఆ గోడకు సున్నం కొడతారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఏడిస్తే తిట్టరు. చేతిలో బొగ్గుముక్క పెట్టి, "పోయి పైడమ్మ గోడ మీద చుక్క పెట్టిరా. రేపు ఎటు పోతుందో చూద్దాం," అంటారు.