కోటిరత్నం తూకం

కోటిరత్నం సరిగ్గా అన్నం తిని ఏడాది కావస్తోంది. పొద్దున గ్లాసు మజ్జిగ, సాయంత్రం గుప్పెడు మరమరాలు, ఎవరైనా మరీ బలవంతం చేస్తే ఒక అరటిపండు. అడిగినవాళ్ళకి ఉపవాసమని చెప్పేది. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి, ఏకాదశి సరేసరి. మిగతా రోజులు ఏ దేవుడివని మఠంలో ఎవరూ అడగలేదు.

అడగకపోగా మెచ్చుకున్నారు. ఇంట్లో పిల్ల అన్నం ముట్టకపోతే తల్లి ఒంటి మీద చెయ్యి వేసి చూస్తుంది. మఠంలో ముట్టకపోతే భక్తి ముదిరిందని దండం పెడతారు. కోటిరత్నానికి జుట్టు ఊడిపోతోంది, నాలుగు మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. గుట్టెక్కి వచ్చిన భక్తులు మాత్రం ఆమె మొహంలో తేజస్సు వచ్చిందన్నారు. నీరసాన్ని తేజస్సనుకునేవాళ్ళతో ఏం మాట్లాడతాం.

అసలు సంగతి ఉపవాసం కాదు. పోయినేటి తూకం.

ఆ మఠం పల్నాడులో ఒక చిన్న గుట్ట మీద ఉంది. గురువు నాంచారవ్వ. బాగా ముసలావిడ, చూపు మందగించింది, నోరు మాత్రం పదునుగానే ఉంది. ఏటా మాఘమాసంలో ఒకరోజు అక్కడ శిష్యుల్ని తూస్తారు. పందిరికి పెద్ద తక్కెడ కడతారు. ఒక పలక మీద శిష్యుడు కూర్చుంటాడు, రెండో పలక మీద ఎవరో ఒక దాత అతని ఎత్తు బియ్యం పోస్తాడు. ఆ బియ్యం అక్కడే వండి, వచ్చిన జనానికి పెడతారు. శిష్యుడికి ఇల్లూ పొలమూ ఉండవు, ఉన్నది ఒళ్ళే, దాని ఎత్తు అన్నమైనా నలుగురి కడుపులోకి పోవాలని అవ్వ గురువుగారు పెట్టిన పద్ధతి ఇది. జనమంతా తిన్నాక, ఆఖరి పంక్తిలో శిష్యులు తినాలి. అదీ ఆయన పెట్టిందే.

కోటిరత్నం చిన్నప్పటి నుంచీ ఒళ్ళున్న పిల్ల. బడిలో పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ఆమెని చూసి, ఆమె తల్లిని చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. బస్సులో పక్కన కూర్చోబోయిన ఆడవాళ్ళు సీటు వంక చూసి నిలబడిపోయేవారు. మఠంలో ఒంటి గురించి ఎవరూ మాట్లాడరనుకుని వచ్చింది పాపం.

పోయినేడు మొదటిసారి పలకెక్కింది. ఆమె ఎత్తు బియ్యం పోస్తానని మొక్కుకున్నవాడు రైసు మిల్లు చెన్నకేశవులు. బస్తా మీద బస్తా విప్పుతున్నా పలక లేవలేదు. చెన్నకేశవులు చెమట తుడుచుకుని, జనం వైపు తిరిగి, ఈవిడ ఒక్కతే నా మిల్లు మూయించేట్టుందన్నాడు. జనం విరగబడి నవ్వారు. తోటి శిష్యులు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కోటిరత్నం కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని ఆమెకి బడి రోజుల్లోనే తెలుసు. నాంచారవ్వకి ఆ రోజు జ్వరం, లోపల పడుకుని ఉంది.

నవ్విన నోళ్ళన్నీ తర్వాత పంక్తుల్లో కూర్చుని సుబ్బరంగా తిన్నాయి. ఆఖర్న ఆమె ఆకు ముందు కూర్చుని, లేచిపోయింది. అప్పుడు మొదలైంది ఈ ఉపవాసం.

ఈ ఏడు తూకం దగ్గరపడుతుండగా అవ్వ ఆమెని పిలిపించింది. ఏమీ అడగకుండా మణికట్టు పట్టుకుని తడిమి చూసింది. గాజు మోచేతి దాకా జారింది.

"ఏ దేవుడి కోసమే ఇది?"

కోటిరత్నం గాజు కిందికి లాక్కుంది.

"వాడి పేరు చెప్పు. వెళ్ళి అడుగుతాను, ఈ పిల్ల నీకేం చేసిందిరా అని."

కోటిరత్నం చెయ్యి లాక్కుని వచ్చేసింది. లోపల ఉడికిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ పుల్లలా ఉన్న మనిషికి ఏం తెలుస్తుంది అనుకుంది. ఆ సాయంత్రం మరమరాలు కూడా మానేసింది.

తూకం రోజు వచ్చింది. అవ్వ పందిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. కోటిరత్నం పలకెక్కింది. చెన్నకేశవులు బస్తాలు విప్పడం మొదలుపెట్టాడో లేదో పలక గాల్లోకి లేచింది. విప్పని బస్తాలు పక్కనే ఉండిపోయాయి. అతను వాటిని తట్టి, ఈ ఏడు నేను బతికిపోయానన్నాడు. అమ్మాయి ఇప్పుడు చూడ్డానికి ఎంత బాగుందో అని కూడా అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

కోటిరత్నానికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే. ఆ చప్పట్ల కోసమే ఏడాది పాటు కడుపు మాడ్చుకుంది. అవ్వ చేతికర్ర నేలకేసి ఒకసారి కొట్టింది, పక్కనున్నవాళ్ళని అడిగి పోయినేటి సంగతంతా తెలుసుకుంది.

వంటలయ్యాయి. జనం పంక్తులు తీరి ఆకులు వేసుకున్నారు. వడ్డించేవాళ్ళు బకెట్లు ఎత్తబోతుంటే అవ్వ దించమంది. చంటిపిల్లలకీ, బాలింతలకీ వంటశాలలో ముందే పెట్టించేసిందట. పంక్తులకి ఎదురుగా, అందరికీ కనపడేట్టు, ఒకే ఒక్క ఆకు వేయించింది. కోటిరత్నాన్ని పిలిచి అక్కడ కూర్చోమంది.

పెద్ద శిష్యుడు గురవయ్య దగ్గరికొచ్చి, శిష్యులు ఆఖర్న కదా తినాలి, పెద్దాయన మాట కదా అని గుర్తు చేశాడు. ఆయనకి నేను చెప్పుకుంటానులే, నువ్వు జరుగు అంది అవ్వ. తనే వడ్డించింది. కాస్త అన్నం, కాస్త పప్పు, నెయ్యి. ఎండిపోయిన కడుపు, ఒక్కసారిగా పట్టదని ఆమెకి తెలుసు.

పంక్తిలోంచి చెన్నకేశవులు గొంతు సవరించుకుని, అందరం ఆకలి మీదున్నాం, ఇటు కూడా వడ్డన కానిస్తే బాగుంటుందన్నాడు.

అవ్వ అటు తిరిగింది.

"పోయినేడు నువ్వు తిన్న అన్నం ఎవరి ఎత్తు?"

చెన్నకేశవులు పక్కవాళ్ళ వంక చూశాడు.

"దీని ఎత్తు. నువ్వూ తిన్నావు, ఇక్కడున్న అందరూ తిన్నారు. దీన్ని తిని, దీన్ని చూసి నవ్వుకుంటూ గుట్ట దిగారు. ఇవాళ ఇది తింటుంది, మీరు చూస్తారు. ఇది చాలనేదాకా ఒక్క ఆకులో మెతుకు పడదు."



కోటిరత్నం ఆకు ముట్టలేదు. పదిమంది ఎదుట తినాల్సి రావడం కన్నా ఆమెకి పెద్ద నరకం లేదు. పెళ్ళిళ్ళలో కూడా గోడ వైపు తిరిగి తినే మనిషి. ఒళ్ళంతా మండిపోయింది. పళ్ళ బిగువున, అవ్వకి మాత్రమే వినపడేట్టు అంది.

"వీళ్ళు చాలరనా, నువ్వు కూడానా అవ్వా?"

అవ్వ కర్ర ఆనుకుని ఆమె పక్కన చతికిలబడింది.

"కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"ఎవరి మీద?"

నీ మీదే అని చెబుదామని తలెత్తింది కోటిరత్నం. అవ్వ వెనక పంక్తులన్నీ కనపడ్డాయి. చప్పట్లు కొట్టిన చేతులు ఖాళీ ఆకుల ముందు ఉన్నాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న తోటి శిష్యులు గరిటెలు పట్టుకుని నిలబడ్డారు. చెన్నకేశవులు ఆకు అంచు చింపుతున్నాడు. ఏడాదిలో ఆమె వాళ్ళ మొహాలు చూడ్డం అదే మొదటిసారి. అప్పటిదాకా తన ఒంటినే చూసుకుంది.

చాలాసేపు చూసింది. ఒక్కొక్కరినీ చూసింది. ఎవరూ నవ్వలేదు, ఎక్కువమంది తల దించుకున్నారు.

అన్నం కలిపింది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగింది. రెండో ముద్ద దిగింది. గోడ వైపు తిరగలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. కళ్ళ నీళ్ళు ఆకులో పడుతుంటే తుడుచుకోకుండానే తింది. బకెట్లలో పప్పు చల్లారిపోతోంది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

ఆకు ఖాళీ అయింది. హమ్మయ్య అనుకుని వడ్డించేవాళ్ళు బకెట్లెత్తారు.

కోటిరత్నం ఆకు మీద నుంచి లేవలేదు. చెన్నకేశవులు మొహంలోకి సూటిగా చూస్తూ, పందిరి చివరిదాకా వినపడేట్టు అడిగింది.

"మారు పెట్టవ్వా."