ఉడుము పట్టాభి నల్ల బెల్టు

అనగనగా అనేలోపే "ఏ అడవిలో?" అని మీరు అడుగుతారని నాకు తెలుసు. దాని పేరు నాకూ తెలీదు. ఇప్పచెట్లు బాగా ఉన్న ఒక అడవి అనుకోండి. ఇవాళ నాకు ఒళ్ళు హూనమైపోయింది. మధ్యలో ప్రశ్నలు వెయ్యకుండా వింటే చెబుతాను.

ఆ అడవిలో ఒక కరాటే బడి ఉండేది. జంతువులకి కరాటే ఎందుకంటారా? మీకెందుకో వాటికీ అందుకే. బడి నడిపేది బొంతమ్మ అనే ముసలి ఎలుగుబంటి. అందరూ ఆమెని మాస్టరమ్మా అని పిలిచేవారు. ఏటా ఎండాకాలంలో వాగు ఎండిపోగానే ఆ ఇసకలో శిక్షణ శిబిరం, దాని చివర బెల్టు పరీక్ష పెట్టేది. ఏటా "నావల్ల కాదర్రా, ఇదే ఆఖరు" అనేది. మళ్ళీ ఏడాది మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ ఆమే వచ్చేది.

ఆ బడిలో అందరికన్నా చిన్నవాళ్ళకి మొట్టమొదట నేర్పేది గుద్దడం కాదు, తన్నడం కాదు. తట్టడం. ఎవరైనా నీ కాలు పట్టి మెలిపెట్టినప్పుడు, ఇక ఓర్చుకోలేననిపిస్తే నేలమీద రెండుసార్లు తట్టాలి. తట్టగానే పట్టినవాడు వదిలెయ్యాలి. ఎందుకని అడగకూడదు. ఇంకొక్క క్షణం అనకూడదు. దుప్పి పిల్ల చిరుతపులి పిల్ల దగ్గరికి వెళ్ళి "ఏదీ, నా మెడ పట్టుకో" అనగలిగేది ఈ ఒక్క నమ్మకం మీదే.

ఆ బడిలో పట్టాభి అని ఒక ఉడుము ఉండేవాడు. వాళ్ళ వంశానికి పట్టే పరువు. ఉడుంపట్టు అని మనం అంటూంటాం కదా, వాళ్ళ ఇంట్లో అది ఇంకాస్త ఎక్కువ. పుట్టిన పిల్లని చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కు ఎలా ఉంది, రంగు ఎలా ఉంది అని అడగరు. వేలు అందించి, ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూస్తారు.

అలాంటి ఇంట్లో పుట్టిన పట్టాభికి నల్ల బెల్టు మాత్రం అందలేదు. మొదటి ఏడాది కొండ ఎక్కే పరుగులో సగం దారిలోనే చతికిలపడ్డాడు. రెండో ఏడాది పరుగు గట్టెక్కాడు కానీ, అడుగులూ దెబ్బలూ వరస తప్పకుండా చేసి చూపించాల్సిన చోట మధ్యలో మర్చిపోయి నోరు వెళ్ళబెట్టాడు. ఇది మూడో ఏడు. ఈసారి పరీక్ష చూడ్డానికి వాళ్ళింటి పెద్ద, పాపయ్య పెదనాన్న స్వయంగా వస్తానని కబురు పెట్టాడు.

పరీక్షకి నిలబడేవాడు తన జోడీని తానే తెచ్చుకోవాలని ఆ బడిలో ఒక ఆచారం. పట్టు చూపించడానికి ఎవరో ఒకరు ఒళ్ళు అప్పగించాలి కదా మరి. పట్టాభి తన స్నేహితుడు గంగులు దగ్గరికి వెళ్ళాడు. గంగులు ముంగిస. చలాకీవాడు, కాస్త వాగుడుకాయ.

"ఒరే గంగులూ, నువ్వే రావాలిరా. నువ్వుంటే నాకు ధైర్యం" అన్నాడు పట్టాభి.

"ఈ ఏడు నా పరీక్ష కూడా లేదు కదరా. ఆ ఎండలో, ఆ ఇసకలో ఊరికే నీ చేత తన్నులు తినాలా?" అన్నాడు గంగులు.

"ఈసారి కూడా పోతే మా పెదనాన్న ముందు తలెత్తుకోలేనురా."

"సర్లే, ఏడవకు. వస్తాలే" అన్నాడు గంగులు.

శిబిరం మొదలైంది. ఏం శిబిరమో, తల్చుకుంటే నాకే నీరసం వస్తుంది. తెల్లారకముందే లేపేవారు. పరుగులు, గెంతులు, మళ్ళీ పరుగులు. మధ్యాహ్నం ఇంత జావ పోసేవారు. అది గొంతు దిగేలోపే మళ్ళీ ఈల. ఇసక కాళ్ళకి చురుక్కుమనేది. రోజంతా పట్టాభి విసిరితే గంగులు పడేవాడు. లేచేవాడు. మళ్ళీ పడేవాడు. పట్టాభి పట్టు పట్టేవాడు, గంగులు తట్టేవాడు, పట్టాభి వదిలేవాడు. సాయంత్రానికి ఇద్దరికీ మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. గంగులే మాట్లాడ్డం మానేశాడంటే అలసట ఎంతో మీరే ఊహించుకోండి.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఇప్పచెట్టు నీడలో మాస్టరమ్మ కూర్చుంది. పక్కనే పాపయ్య పెదనాన్న తోక చుట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. వెనకాల బడి పిల్లలంతా వరసగా నిలబడ్డారు.

మొదట కొండ పరుగు. పట్టాభి నాలుక బయటపెట్టి, డేక్కుంటూ అయినా, పైదాకా ఎక్కి దిగాడు. తరవాత అడుగుల వరస. ఒక్కటీ తప్పలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెదనాన్న మాత్రం పెదవి విరిచాడు.

"ఈ గెంతులు కోతులూ చేస్తాయి. పట్టు చూపించరా, పట్టు! మన ఇంట్లో పట్టు సడలించినవాడు లేడు" అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. పట్టాభికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. గంగులు ఎదురుగా వచ్చి నిలబడి నవ్వాడు.

"ఇదొక్కటే మిగిలిందిరా. అయిపోతే వెళ్ళి పడుకుందాం" అన్నాడు.

ఇద్దరూ వంగి దండం పెట్టుకున్నారు. పట్టాభి ఒడుపుగా గంగుల్ని కింద పడేసి, ముందరి కుడికాలు దొరకబుచ్చుకుని మెలిపెట్టాడు. చక్కని పట్టు. ఎవరూ వంక పెట్టలేని పట్టు. గంగులు ఎడంకాలితో నేలమీద రెండుసార్లు తట్టాడు.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. బడిలో గట్టి నేల ఉంటుంది. తడితే అందరికీ వినిపిస్తుంది. వాగు ఇసకలో చప్పుడు రాదు. చెట్టు కింద ఉన్నవాళ్ళెవరికీ అది వినబడలేదు. ఒంటికి ఒళ్ళు ఆనించి ఉన్న పట్టాభికి మాత్రం తెలిసింది. ఒకటి, రెండు. స్పష్టంగా తెలిసింది.

అతను వదలబోయాడు. అప్పుడే పెదనాన్న "అదీ, అదీ పట్టంటే!" అని అరిచాడు. పట్టాభికి ఆ మాట చల్లటి నీళ్ళు తాగినట్టు ఉంది. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం చూడనీ అనుకున్నాడు. గంగులు మళ్ళీ తట్టాడు. నోరు తెరిచాడు కానీ ఊపిరి అందక మాట రాలేదు. పట్టాభి ఇంకాస్త బిగించాడు.

కాలు విరిగింది.

మాస్టరమ్మ పరుగున వచ్చింది. పాపం, ఆ మోకాళ్ళతో ఆమె పరుగెత్తడం ఆ పిల్లలెవరూ అంతకుముందు చూడలేదు.

"గంగులూ, ఎందుకు తట్టలేదురా నాయనా?" అని అడిగింది.

"తట్టాను మాస్టరమ్మా" అన్నాడు గంగులు, పళ్ళు బిగబట్టి.

ఆమె పట్టాభి వైపు తిరిగింది. "తట్టాడా?"

పట్టాభి పెదనాన్నని చూశాడు. గంగుల్ని చూడలేదు.

"లేదు మాస్టరమ్మా. తడితే నేను వదలనా?" అన్నాడు.

గంగులు కళ్ళు మూసుకుని మొహం అటు తిప్పుకున్నాడు. కొంగ వైద్యుడు వచ్చి వెదురుబద్ద వేసి కట్టు కట్టాడు. నలుగురు మోసుకుని ఇంటికి తీసుకెళ్ళారు. ఆ సాయంత్రమే పట్టాభి నడుముకి నల్ల బెల్టు కట్టారు. మోదుగ నారతో నేసి, కరక్కాయ రసంలోనూ బురదలోనూ నల్లబడేదాకా నానబెట్టిన మంచి బెల్టు. పెదనాన్న అడవంతా చాటాడు. ఉడుముల ఇళ్ళలో విందులు జరిగాయి.

శిబిరం ముగిసింది. బడి మళ్ళీ మొదలైంది. పట్టాభి నల్ల బెల్టు కట్టుకుని దర్జాగా వచ్చాడు. అడవి పంది ఎదురుగా నిలబడింది. పట్టాభి ఇంకా దాని కాలు ముట్టుకోనైనా లేదు, అది నేలమీద టపటపా తట్టేసింది.

"ఇదేంటి? నేనింకా పట్టనేలేదు" అన్నాడు పట్టాభి.

"నువ్వే గెలిచావులే" అని అడవి పంది పక్కకి వెళ్ళిపోయింది.

మర్నాడు కొండముచ్చు వచ్చాడు. దండం పెట్టడానికి వంగినవాడు వంగినట్టే తట్టేశాడు. ఆ తరవాత తనకి వరసకి తమ్ముడయ్యే ఉడుమే జోడీగా వచ్చాడు. సొంతవాడు కదా, వీడైనా పట్టనిస్తాడనుకున్నాడు పట్టాభి. వాడు పట్టాభి అడుగు ముందుకు వెయ్యగానే తట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడు.

ఎవరూ తిట్టలేదు. ఎవరూ పోట్లాడలేదు. నల్ల బెల్టుకి ఇవ్వాల్సిన మర్యాద అంతా ఇచ్చారు. గంగులు ఆ రోజు "తట్టాను" అనడం అందరూ విన్నారు కదా, ఒళ్ళు మాత్రం అప్పగించలేదు. రోజూ అతనే గెలిచేవాడు. రోజూ ఒక్కడే ఇంటికి వెళ్ళేవాడు. శిబిరంలో రోజంతా పరుగెత్తినప్పుడు కూడా అతనికి ఇంత అలసట లేదు. పడుకున్నా తీరని అలసట అది, పెద్దయ్యాక మీకూ తెలుస్తుంది.

ఒకరోజు పొద్దున్నే బడిలో అందరూ వరసగా నిలబడి ఉండగా పట్టాభి ముందుకు వచ్చాడు. బెల్టు విప్పి మాస్టరమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"గంగులు తట్టాడు మాస్టరమ్మా. రెండుసార్లు తట్టి, మళ్ళీ తట్టాడు. నాకు తెలుసు. తెలిసే వదల్లేదు. మీతో అబద్ధం చెప్పాను" అన్నాడు.

మాస్టరమ్మ నెమ్మదిగా కింద కూర్చుంది. ఒక్కసారిగా ఇంకా ముసలిదైపోయినట్టు కనిపించింది.

"ఆ రోజు ఎండకి నా కళ్ళు మూతలు పడ్డాయి. నేను చూడలేదు. చూడకుండా నీ మాట నమ్మి వాడి మాట కొట్టేశాను. తప్పు నాదీ ఉంది" అంది. "బెల్టు వెనక్కి తీసుకుంటాను. అది నాకు చేతనవును. వాడి కాలు తిన్నగా చెయ్యడం నాకు చేతకాదు. అయినా, ఇది ముందు చెప్పాల్సింది మాకు కాదు కదరా?"

"వాడి దగ్గరికి వెళ్ళి ఏం చెప్పను మాస్టరమ్మా?"

"నాకేం తెలుసు నాయనా. వెళ్ళు" అందామె.

గంగులు తన బొరియ ముందు కూర్చుని ఎండుచెక్క ఒలుచుకుంటున్నాడు. లోపల పురుగులుంటాయని. కట్టు విప్పేశారు కానీ కాలు వంకరగానే అతుక్కుంది. ఆ కాలితో తవ్వలేడు. తవ్వలేని ముంగిసకి కడుపు నిండటం కష్టం. బాగా చిక్కిపోయాడు. పట్టాభిని చూసి తల ఎత్తి, మళ్ళీ చెక్క మీదికి వంగాడు.

"నువ్వు తట్టావని నాకు తెలుసురా" అన్నాడు పట్టాభి. "తెలిసే పట్టుకున్నాను. అందరికీ చెప్పేశాను."

"నాకు కొత్తగా చెప్పేదేముంది? తట్టింది నేనే కదరా" అన్నాడు గంగులు.

"కోపం లేదా?"

"ఎందుకు లేదు? చాలా రోజులు ఉంది. ఇప్పుడు కోప్పడ్డానికి కూడా ఓపిక లేదు."

పట్టాభి తన ముందరి కుడికాలు చాపి అతని ఎదురుగా పెట్టాడు. "పట్టుకో. నాదీ విరిచెయ్. అప్పటికి గానీ నాకు నిద్ర పట్టదు" అన్నాడు.

గంగులు కాసేపు ఆ కాలు వంక చూశాడు. తరవాత చెక్క పక్కన పెట్టాడు. బాగున్న ఎడంకాలితో మెలివేసి, పళ్ళ మధ్య పట్టి వంచాడు. ఎన్నాళ్ళో నేర్చుకున్న విద్య కదా, సరిగ్గా పడింది పట్టు. పట్టాభి కళ్ళు మూసుకున్నాడు. ఏమైనా సరే తట్టకూడదని గట్టిగా అనుకున్నాడు. నొప్పి భుజం దాకా పాకింది. వెన్నులోకి పాకింది. ఎముక ఇంకాస్త వంగితే చాలు, విరుగుతుంది. అతను అనుకున్నది అతని ఒళ్ళు వినలేదు. ఎడంకాలు దానంతటదే ధూళిలో మెల్లగా రెండుసార్లు తట్టింది. చప్పుడు కూడా రాలేదు. చూడ్డానికి చుట్టుపక్కల పిట్ట కూడా లేదు.

గంగులు వెంటనే వదిలేశాడు.

పట్టాభి కళ్ళు తెరిచి, నమ్మలేనట్టు తన కాలు చూసుకున్నాడు. "ఎందుకు వదిలావురా?" అన్నాడు.

"తట్టావు కదా" అన్నాడు గంగులు.

పట్టాభి భోరుమన్నాడు. అందరి ముందూ ఒప్పుకున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. గంగులు ఓదార్చలేదు. పొమ్మని కూడా అనలేదు. చెక్క తీసుకుని మళ్ళీ ఒలుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి పట్టాభి కళ్ళు తుడుచుకుని, ఆ చెక్క అందుకుని, తను ఒలిచి లోపలి పురుగులు ఇచ్చాడు. గంగులు తీసుకుని తిన్నాడు.

నీతి: ఎదుటివాడు చాలు అన్న క్షణాన, ఎవరూ చూడకపోయినా, వదిలిపెట్టగలవాడే నిజంగా బలవంతుడు.