గడ్డకట్టిన నది బొమ్మ

గాస్పార్‌కి ఒళ్లు మండిపోతోంది. మండదూ మరి! నిన్న సాయంత్రం కూడా గురువు ఓబెర్ వచ్చి, అతను వేసిన బొమ్మను కత్తితో గీకి పారేశాడు.

అది ఫ్రాన్సులో సేన్ నది ఒడ్డున ఒక పల్లె. ఆ ఏటి చలికి నది ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా గడ్డకట్టింది. దాన్ని బొమ్మ వేసి పారిస్ ప్రదర్శనకు పంపాలని గాస్పార్ పట్టుదల. బొమ్మలు తీసుకెళ్లే బండి రేపు పొద్దున్నే వెళ్లిపోతుంది. ఈసారీ బొమ్మ పంపలేకపోతే ఇంటికొచ్చి తోళ్ల పని చూసుకోమని తండ్రి ఖరాఖండిగా చెప్పేశాడు.

పాపం, గాస్పార్ సత్రంలో నిప్పుగూడు పక్కన, అద్దాల కిటికీ ముందు కూర్చుని రోజంతా వేసేవాడు. సాయంత్రం గురువు వచ్చి చూసేవాడు. బాగుందనడు, బాగాలేదనడు.

"చలేసిందా నాయనా?" అని మాత్రం అడిగేవాడు.

లేదండీ, వెచ్చగానే ఉందనేవాడు గాస్పార్. అంతే, గురువు తడి ఆరని రంగంతా గీకేసి తన దారిన తను పోయేవాడు. ఎంత గురువైతే మాత్రం ఎవడు ఓర్చుకుంటాడు చెప్పండి?

ఇవాళ తెల్లవారేసరికి బయట ఫెళఫెళమని చప్పుడు. గాస్పార్ కిటికీ దగ్గరికి ఉరికాడు. నది మీద మంచు పగిలిపోయింది. పెద్దపెద్ద పలకలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ బురదనీళ్లలో దిగువకు కొట్టుకుపోతున్నాయి. ఇక వెయ్యడానికి గడ్డకట్టిన నదే లేదు.

గీకేసిన కాన్వాసు చంకన పెట్టుకుని, ఉన్నపళంగా గురువు ఇంటిమీదికి వెళ్లాడు. అప్పటిదాకా 'మీరు' తప్ప ఎరగని నోరు 'నువ్వు'లోకి దిగింది. ఓర్వలేక తన నోటి దగ్గరి కూడు పడగొట్టాడన్నాడు. ముసలితనంలో ఇదేం బుద్ధి అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవన్నీ ఇక్కడ రాయడం బాగోదు.

"నిన్న నువ్వు గీకకపోతే ఇవాళ నా బొమ్మ నాకు ఉండేది. నా నది నాకు తెచ్చివ్వు," అన్నాడు ఆఖరికి.

ఓబెర్ బొమ్మ నిలబెట్టే స్టాండు, రంగుల పెట్టె తీసుకుని, మోకాళ్లదాకా మంచులో కూరుకుపోతూ నీటి అంచుదాకా నడిచాడు. తిట్టుకుంటూ గాస్పార్ వెనకే వెళ్లాడు. గురువు స్టాండు పాతి, అతని చంకలోని కాన్వాసు లాక్కుని నిలబెట్టి, కుంచె చేతిలో పెట్టాడు.

"అదిగో, పోతోంది," అని ఇంటిదారి పట్టాడు.

గాస్పార్ పళ్లు నూరాడు. ముసలాయన మీది కసంతా కుంచె మీద చూపించాడు. పలకకో తిట్టు. నీలం, ఊదా, బురదరంగు, కలపకుండానే కాన్వాసుకేసి కొట్టాడు. ఒక పలక వేసేలోపే అది వెళ్లిపోయేది. దాన్ని తిట్టి, వెనకొస్తున్న దాన్ని పట్టుకునేవాడు. నిన్నటిదాకా ముగ్గు దిద్దినట్టు సుతారంగా ఆడిన చెయ్యి ఇవాళ కట్టెలు కొట్టినట్టు ఆడింది.

పొద్దెక్కింది. వెనక మంచులో అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే గురువు, చేతిలో అదే కత్తి.

గాస్పార్ బొమ్మకు అడ్డంగా నిలబడ్డాడు. "దీనిమీద చెయ్యి వేశావో, ఊరుకోను."

"చలేసిందా నాయనా?" అన్నాడు ఓబెర్.

అప్పుడు చూసుకున్నాడు గాస్పార్. కోటు సత్రంలోనే ఉండిపోయింది. వేళ్లు కమిలి కొయ్యబారిపోయాయి. ఏదో అనబోయాడు కానీ, పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

ఓబెర్ తన కోటు విప్పి అతని భుజాల మీద కప్పాడు. తర్వాత బొమ్మవైపు కాసేపు చూసి, చేతిలోని కత్తిని నదిలోకి విసిరేశాడు.